బకెట్ మీద చెవిగాటు

వెర్నా కాబ్ జనవరిలో పోయింది. మార్చి సగం గడిచినా ఆమెను ఇంకా పూడ్చలేదు. వెస్ట్ హార్లోలో చలికాలం పోయినవాళ్ళందరికీ అంతే. నేల గడ్డకట్టి గడ్డపార దిగదు. ఊరి శ్మశానం పక్కన గట్టులోకి తవ్వి కట్టిన రాతిగది ఒకటుంది. నేల మెత్తబడేదాకా శవపేటికలు అందులో ఉంటాయి. ఈ ఏడు అందులో ఉన్న మిగతావాళ్ళకు గొయ్యి ఎక్కడో అందరికీ తెలుసు. వెర్నాది ఎక్కడో మాత్రం తెలియదు.

ఆమె అడిగింది రిస్లీ గుట్ట. ఆసుపత్రిలో చెల్లెలు ఆర్డిస్ చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆ చిన్నదాని పక్కన పెట్టవే నన్ను. ఎన్నాళ్ళని ఒక్కతే ఉంటుంది?"

చిన్నది అంటే కెజాయా రిస్లీ. రెండేళ్ళ పిల్ల, 1751లో పోయింది. గుట్ట మీద వరస చివర, మోకాలెత్తు పలకరాయి. వెర్నా ఏటా వేసవిలో ఆ గుట్ట మీద గడ్డి కోసేది. మంచుకు ఒరిగిన రాళ్ళను నిలబెట్టేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

గుట్ట మీద చోటు మాత్రం ఎలయాకిమ్ రిస్లీ సంతానానికే. ఆ కొండల్లో మొదట చెట్లు కొట్టి ఇల్లు కట్టిన మనిషి ఆయన. కాబ్‌లు తాము ఆయన కూతురి సంతానమని చెప్పుకుంటారు. వాళ్ళ ఇంటి బైబిల్ మొదటి పేజీలో 'గిడియన్ కాబ్, కెజాయా రిస్లీ, వివాహం 1774' అని ఉంది. రిస్లీలకు వాళ్ళ వంశచరిత్ర ఉంది. రెవరెండ్ ఎనాక్ రిస్లీ 1887లో అచ్చు వేయించాడు. ఎలయాకిమ్ కూతురు కెజాయా రెండేళ్ళకే పోయిందనీ, ఆమె పేరు చెప్పుకునే కాబ్‌ల మాట నమ్మదగినది కాదనీ అందులో ఉంది. ఆ ఒక్క వాక్యం వల్ల ఆర్డిస్ తండ్రి ఆరిన్ కాబ్ 1938లో రైలుకట్ట పక్కన, ఊరి శ్మశానంలో పడుకున్నాడు.

ఆర్డిస్‌కు డెబ్బై ఒకటి. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. తండ్రి తర్వాత పొలం, ఆవులు, మేపుల్ తోట వాళ్ళే చూసుకున్నారు. ఆ మార్చి మధ్యాహ్నం ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుని, బురదలో నడిచి హాలిస్ రిస్లీ దగ్గరికి వెళ్ళింది. గుట్ట వ్యవహారాలు చూసే ముగ్గురిలో హాలిస్ పెద్ద. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బల్ల మీద చదువుకున్నారు.

హాలిస్ పాకం కాచే కొట్టంలో ఉన్నాడు. పొయ్యి మీద రేకుతొట్టిలో మేపుల్ చెట్ల నుంచి కారిన తీపి నీరు మరుగుతోంది. కొట్టమంతా ఆవిరి. తలుపు దగ్గర నీడ చూసి అతను గొంతెత్తాడు.

"ఒరేయ్, కాబ్‌ల పిల్ల వచ్చింది. బకెట్లు లోపల పెట్టండ్రా!"

కొట్టంలో అతను తప్ప ఎవరూ లేరు.

"పెట్టుకో పెట్టుకో. సగం మావేగా," అంది ఆర్డిస్.

ఇది వాళ్ళిద్దరి మధ్య పలకరింపు. వాళ్ళ తండ్రుల మధ్య ఇదే తగాదా. రెండిళ్ళ మేపుల్ తోటలకూ మధ్య ఒక రాతిగోడ. ఆ నీరు పట్టడానికి చెట్లకు తగిలించిన బకెట్లు తమవని తెలియడానికి రెండిళ్ళవాళ్ళూ వాటి మీద మేకుతో ఒక గుర్తు గీస్తారు. రెండిళ్ళ గుర్తూ ఒకటే. రెండు పాయల తోక, దాని కింద ఒక అడ్డగీత. మా గుర్తు కొట్టేశారని వీళ్ళు, మీరే కొట్టేశారని వాళ్ళు. ఒకసారి ఆరిన్ కాబ్, హాలిస్ తండ్రి ఊరి సభలో లేచి నిలబడి, బకెట్ దొంగవి నువ్వంటే నువ్వని తిట్టుకున్నారు. గుర్తు మార్చుకోమని సభ చెప్పింది. ఇద్దరూ మార్చలేదు.

హాలిస్ ఒక పళ్ళెంలోకి బయటినుంచి మంచు తెచ్చి దాని మీద వేడి పాకం పోశాడు. అది తీగలా గట్టిపడింది. తీపి మొహం మొత్తకుండా పక్కన ఊరేసిన దోసకాయ ముక్క పెట్టి ఇచ్చాడు.

"తిను. వెర్నా గురించేగా వచ్చావు?"

"ఇంకెందుకొస్తాను, నీ మొహం చూడ్డానికా?"

"నాకు తన మీద కోపం ఉందనుకోకు. మా అమ్మ రాయి ఒరిగితే నేను చూళ్ళేదు. తనే చూసి నిలబెట్టింది. నాకు చెప్పను కూడా చెప్పలేదు."

"మరి చోటివ్వు."

"ఇవ్వడానికి అదేమన్నా నా దొడ్డా? పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసింది మీ తాత బాబాయేగా."

"మావాడే. అయితే ఏంటి? పాకంలో నీళ్ళు కలిపినట్టు రాశాడని ఈ ఊళ్ళో ఎవరన్నా అన్నారా?"

ఆర్డిస్ దోసకాయ కొరికింది. 

"మీ నాన్నకి మా నాన్న ఏం చెప్పాడో నీకు నేనూ అదే చెప్తాను," అన్నాడు హాలిస్, గరిటెతో నురగ తీస్తూ. "కాగితం తే. నేల కరిగేలోపు తే. తెచ్చావంటే గొయ్యి నేనే తవ్వుతాను, కూలిమనిషిని పెట్టను. తేలేదంటే రైలుకట్టే. నన్ను తిట్టుకుని లాభం లేదు."

"తిట్టుకోవడానికి లాభమెందుకు?" అని ఆర్డిస్ పళ్ళెం కింద పెట్టి వెళ్ళిపోయింది.

కౌంటీ కోర్టు నార్త్‌హాంప్టన్‌లో ఉంది. ఆ వారమే ఆమె పాత ట్రక్కు వేసుకుని బయల్దేరింది. కొండ దిగేదాకా రోడ్డంతా బురద. ఒకచోట చక్రం దిగబడితే ధాన్యం సంచులు కింద పరిచి బయటికి తెచ్చుకుంది. కోర్టులో పోయినవాళ్ళ ఆస్తి కాగితాలు చూసే గుమస్తా వాండా కోజెరా, నడివయసు మనిషి, ఆమె బూట్ల వైపు చూసి నేల మీద పాత పేపరు పరిచింది.

"ఏ ఊరమ్మా?"

"వెస్ట్ హార్లో."

"ఈ బురదలోనా? రేపు చచ్చిపోయేవాళ్ళలా వస్తారు అందరూ. కాగితాలు రెండొందల ఏళ్ళనుంచి ఇక్కడే ఉన్నాయి, వేసవిలో కూడా ఉంటాయి."

"మా అక్క వేసవిదాకా ఆగదు."

వాండా ఎవరి కాగితాలు కావాలో అడిగి లోపలికి వెళ్ళింది. ఎలయాకిమ్ రిస్లీ కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఎలయాకిమ్ 1766లో వీలునామా రాయకుండా పోయాడు. కోర్టు పంపిన ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు అతని ఇంట్లో గది గదీ తిరిగి కనబడినదల్లా రాశారు. ఇనపకుండ, మగ్గం, విరిగిన గొడ్డలి, పరుపు, మేకలగడ్డి. తర్వాత భార్యకు న్యాయంగా రావలసిన మూడోవంతు విడదీశారు. తూర్పు గది ఆమెది. నేలమాళిగలో సగం ఆమెది. వంటింటి పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు, వంటింట్లోంచి నడిచి బావి దగ్గరికి వెళ్ళే హక్కు ఆమెవి. ముప్ఫై ఏళ్ళు నడిచిన ఇంట్లో నడవడానికి ఆమెకు కాగితం కావలసి వచ్చింది. ఆర్డిస్ ఆ భాగం రెండుసార్లు చదివింది.

పిల్లల పంపకం చివర్లో ఉంది. పెద్దకొడుకు అసాహెల్‌కు రెండు వంతులు. మిగతా కొడుకులకు ఒక్కో వంతు. పెళ్ళయిన కూతుళ్ళకు ఇదివరకే ఇచ్చింది పోగా ఇంత. వాళ్ళలో కెజాయా లేదు. ఆఖరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. 'చిన్నకూతురికి, చెవి కొస చీల్చి కింద కోత కోసిన తండ్రి గాటు ఉన్న ఆడగొర్రెలు ఆరు.' పేరు లేదు.

రెవరెండ్ ఎనాక్ పుస్తకంలో ఎలయాకిమ్‌కు చిన్నకూతురంటూ ఎవరూ లేరు. అతను ఊరి దస్త్రం చూశాడు, రాళ్ళు చూశాడు. ఆ కొండ మీది నుంచి ఇక్కడికి రాలేదు. వస్తే ఈ గొర్రెలు కనబడేవి.

"పేరు లేదండీ," అంది ఆర్డిస్, గొంతులో అలసట దాచకుండా. "పిల్ల ఉంది. పేరు లేదు."

వాండా వంగి చూసింది. "చిన్నపిల్లా? అప్పటికి పెళ్ళి కాలేదా?"

"కానట్టే ఉంది."

"తండ్రి పోయిన మైనరుకి సంరక్షకుడు ఉండాలిగా. ఆ కాగితాలు తండ్రి కట్టలో ఉండవమ్మా. వేరే పెట్టెలు."

"ఆ మాట పొద్దున్నే చెప్పచ్చుగా!"

"మీరడిగారా? మొన్నొకాయనకి అడక్కుండా చెప్తే, నా పని నన్ను చేసుకోనివ్వరా అన్నాడు. అప్పట్నుంచీ నోరు మూసుకున్నాను."

సంరక్షకుల పెట్టెలు గోడ చివర ఉన్నాయి. ఆ కాలపు చట్టం ప్రకారం పద్నాలుగు నిండని పిల్లలకు జడ్జి తనకు తోచిన మనిషిని పెడతాడు. పద్నాలుగు నిండితే పిల్లలే వచ్చి, ఎవరి చేతికింద ఉంటారో చెప్పాలి. ఎక్కువమంది సవతితండ్రినో పెద్దన్ననో కోరుకునేవాళ్ళు. వాళ్ళే తీసుకొచ్చేవాళ్ళు కాబట్టి.

మధ్యాహ్నం దాటాక ఆ కాగితం దొరికింది. అరచేతికన్నా కొంచెం పెద్దది. 1767 మార్చి.

'హార్లో కొండలో కాలం చేసిన ఎలయాకిమ్ రిస్లీ కూతురు కెజాయా, పద్నాలుగు నిండిన మైనరు, స్వయంగా మా ముందుకు వచ్చి, తల్లి రెండో భర్త నేథన్ వెల్స్‌నూ అన్న అసాహెల్‌నూ మేము సూచించగా, వారెవరూ వద్దని, కమ్మరి ఏమస్ కాబ్‌ను సంరక్షకుడిగా ఎన్నుకుంది.'

ఎందుకు వద్దందో కాగితంలో లేదు. జడ్జి అడిగాడో లేదో కూడా లేదు. ఉన్నది ఇంతే. మార్చి నెలలో, ఆ రోడ్డు మీద, పద్నాలుగేళ్ళ పిల్ల కొండ దిగి వచ్చి, జడ్జి చెప్పిన ఇద్దరినీ కాదని, తనకు కావలసిన పేరు చెప్పింది. ఆర్డిస్ ఆ రోడ్డు మీదినుంచే వచ్చింది. ఆమె బూట్లకు ఆ బురద ఇంకా ఆరలేదు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని, కాగితం దూరంగా పెట్టి మళ్ళీ చదివింది.

తర్వాత కిందికి చూసింది. చదువు రానివాళ్ళు సంతకం దగ్గర ఇంటూ గుర్తు వేస్తారు. పొద్దున్నుంచీ చూసిన కాగితాల్లో అన్నీ ఇంటూలే. ఇక్కడ ఇంటూ లేదు. రెండు పాయల తోక, కింద అడ్డగీత. సిరా బాగా అద్ది, నొక్కి గీసింది. పక్కన గుమస్తా చేతిరాతతో 'కెజాయా రిస్లీ, ఆమె గుర్తు' అని ఉంది.

ఆర్డిస్ లేచి నిలబడింది.

"ఏమైందమ్మా? మంచినీళ్ళు తేనా?" అంది వాండా.

"మా బకెట్," అంది ఆర్డిస్.

"ఏంటీ?"

"ఇది మా బకెట్ మీద ఉంటుంది. మా నాన్న గీసేవాడు. నేను గీస్తాను." ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "దీని కాపీ తియ్యండి. రెండు తియ్యండి. ఆ గొర్రెల కాగితం కూడా."

వాండా కాపీలు తీసి కవరులో పెట్టింది. వెళ్ళేముందు ఆ గుర్తు మీద తనూ వేలు పెట్టి చూసింది. "ఇంటూ వెయ్యమని చెప్పే ఉంటారు ఈ పిల్లకి," అంది. "వింటేగా!"

హాలిస్ కాపీని కొట్టం తలుపు దగ్గర వెలుతురులో పట్టుకుని చదివాడు. రాత అయిపోగానే కళ్ళజోడు తీశాడు.

"1751లో చచ్చిపోయిన పిల్ల 1767లో కోర్టుకెళ్ళిందా? మీ కాబ్‌లు సామాన్యులు కారు."

"ఆ పిల్ల కాదు. దాని తర్వాత పుట్టిన పిల్ల. పోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టేవాళ్ళు."

"ఎవరు చెప్పారు?"

"మీ గుట్టే. పైన అసాహెల్ పేరుతో రెండు రాళ్ళు లేవూ?"

"ఒకడు ఎలయాకిమ్ అన్న కొడుకై ఉంటాడు. ఎనాక్ అలాగే రాశాడు."

"ఎనాక్ రాళ్ళ మీది నాచు గీకలేదు. వెర్నా గీకింది. నాకు చెప్పింది కూడా. వాళ్ళ నాన్న పేరు చదివావా ఎప్పుడన్నా?"

హాలిస్ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, పాకం మాడకుండా తొట్టిలో మేపుల్ నీరు వదిలి, పార తీసుకున్నాడు. ఇద్దరూ గుట్ట ఎక్కారు. మంచు ఇంకా మోకాలిదాకా ఉంది. అతను పారతో ఒక రాయి చుట్టూ మంచు తీస్తే, ఆమె చేతితొడుగుతో రాతి ముఖం తుడిచింది. అసాహెల్, ఎలయాకిమ్ కొడుకు, నాలుగు నెలలు. రెండోది వరస మధ్యలో పెద్ద రాయి. అసాహెల్, ఎలయాకిమ్ కొడుకు, ఎనభై ఒకటో ఏట. అదే హాలిస్ ముత్తాత తాత.

హాలిస్ రెండు రాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పటినుంచీ ఈ రాళ్ళ మధ్య తిరిగినవాడు.

"సరే," అన్నాడు చివరికి. "ఇంకో కెజాయా ఉంది. ఆ కెజాయా మీ కెజాయానే అని ఎలా చెప్తావు? ఆ రోజుల్లో ఏ గడపలో చూసినా ఒక కెజాయా."

"సంరక్షకుడు ఏమస్ కాబ్. గిడియన్ వాళ్ళబ్బాయి."

"ఒకింట్లో ఉంటే పెళ్ళయిపోయినట్టేనా? నువ్వూ నేనూ ఒకే బల్ల మీద ఎనిమిదేళ్ళు కూర్చున్నాం. ఏమైంది?"

"నీ అదృష్టం బాగుంది, అంతే." ఆమె కోటులోంచి రెండో కాపీ తీసింది. "ఇందాక పైనే చదివి ఆపావు. కింద చూడు."

హాలిస్ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత గుట్ట అంచున ఉన్న మేపుల్ చెట్టు దగ్గరికి నడిచి, తన బకెట్ తీసి తెచ్చాడు. అందులో నీరు తొణికి అతని చేతి మీద పడింది. కాగితాన్ని బకెట్ పక్కన పెట్టి పట్టుకున్నాడు.

"ఇది ఎలయాకిమ్ గొర్రెల చెవిగాటు," అంది ఆర్డిస్. "చెవి కొస రెండుగా చీల్చి, కింద ఒక కోత కోసేవాళ్ళు. ఆ గాటున్న గొర్రెలు ఆరు దానికి ఇచ్చారు. మిగతావి మీ అసాహెల్‌కి. అది కాబ్‌లింటికి వెళ్తూ గొర్రెల్ని తోలుకెళ్ళింది. గాటు కూడా తీసుకెళ్ళింది. గొర్రెలు పోయాయి, బకెట్లు వచ్చాయి. గాటు మటుకు ఇద్దరం వదల్లేదు."

"మా నాన్న," అన్నాడు హాలిస్, ఆగాడు. "మా నాన్న చచ్చేదాకా మీ నాన్నని దొంగ అన్నాడు."

"మా నాన్న తక్కువ తిన్నాడా?"

"ఊరి సభలో అన్నాడు."

"ఇద్దరూ అన్నారులే. ఇద్దరి బకెట్ల మీదా తాతే ఉన్నాడు."

హాలిస్ నవ్వాడు, చిన్నగా మొదలై దగ్గొచ్చేదాకా. నవ్వు ఆగాక కాగితం మీది గీతను బొటనవేలితో కొలిచాడు.

"ఎంత గట్టిగా గీసిందో చూడు. పద్నాలుగేళ్ళ పిల్ల. మా అసాహెల్‌ని కాదంది. ఆ ముసలాడు ఎలాంటివాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. వాడి మొహం మీద కాదన్నవాళ్ళు ఇంకెవరూ లేరు." అతను బకెట్‌లో మిగిలిన నీరు చెట్టు మొదట్లో పోశాడు. "మా నాన్న కాగితం తెమ్మన్నాక మీ నాన్న వెళ్ళి వెతకలేదేం?"

"వెళ్ళాడు. ఎలయాకిమ్ కట్ట చూశాడు. కెజాయా పేరు లేదని వచ్చేశాడు. వేరే పెట్టెలున్నాయని ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు."

 ఇద్దరూ గుట్ట మీదినుంచి కింద రైలుకట్ట వైపు చూశారు. శ్మశానం అక్కడినుంచి కనబడుతుంది.

ఏప్రిల్ చివర్లో నేల వదులైంది. గుట్ట చూసే మిగతా ఇద్దరికీ హాలిస్ బకెట్‌ను, కాగితాన్ని కలిపే చూపించాడు. ఎనాక్ పుస్తకం తన ప్రతిలో ఆ వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేసి, అంచున ఆ గుర్తు గీశాడు. గొయ్యి తనే తవ్వాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. మేనల్లుడు ట్రాక్టరు తెస్తానంటే, మాటిచ్చింది ట్రాక్టరు కాదు నేను అన్నాడు. రాళ్ళ నేల. ప్రతి రాయినీ తీసి పక్కన పేర్చాడు.

వెర్నాను చిన్నదాని పక్కన పెట్టారు. పాస్టరు ప్రార్థన చదివాడు. రాళ్ళ నడుమ ఎప్పుడూ లేనంత జనం ఉన్నారు, కాబ్‌ల తరఫువాళ్ళు, రిస్లీల తరఫువాళ్ళు. ఎవరు ఎటు నిలబడాలో తెలియక కలిసిపోయి నిలబడ్డారు.

అందరూ దిగిపోయాక ఆర్డిస్ ఉండిపోయింది. హాలిస్ పారకు అంటిన మట్టి గడ్డితో తుడుస్తున్నాడు.

"మీ నాన్నని కూడా తెస్తావా?" అన్నాడు తలెత్తకుండా. "ఆ పక్కన చోటుంది. నేను చూశాను."

ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. "ముప్ఫై ఆరేళ్ళుగా పడుకున్న మనిషి. లేపితే నిన్నే తిడతాడు. రాయి మీద ఒక మాట చెక్కిస్తే చాలు. కెజాయా రిస్లీ మునిమనవడి కొడుకు అని."

"చెక్కిస్తాను. ఖర్చు నాది."

"నీది కాక నాదా?"

హాలిస్ పార భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ గడ్డి ఎవరు కోస్తారే ఇక? ఇన్నాళ్ళూ వెర్నా కోసేది."

"నువ్వే. ఒరిగిన రాళ్ళూ నువ్వే నిలబెట్టు."

"మరి నువ్వో?"

"నేనొచ్చి సరిగా కోశావో లేదో చూస్తాను," అంది ఆర్డిస్. చిన్న పలకరాయి మీద ఎగిరి పడిన మట్టిని చేత్తో దులిపి, అతని వెనకే దిగింది.